మాగే తెల్ల వైన్: ఆస్వాదన, నిల్వ, వడ్డన – తూర్పు హైదరాబాదు నేపథ్యం

ద్రాక్షను పిండి, తొక్కలూ గింజలూ పక్కన పెట్టి, రసాన్ని మాత్రమే పులియబెట్టి తీసే పానీయం తెల్ల వైన్. ప్రపంచంలో తయారయ్యే తెల్ల వైన్‌లో చాలా భాగం ఏడాది రెండేళ్లలో తాగితేనే బాగుంటుంది. ఆ తర్వాత పండు వాసన పోయి చప్పబడుతుంది. సీసాలో పదేళ్లు, ఇరవయ్యేళ్లు, అరుదుగా అర్ధశతాబ్దం నిలిచి, ఆ నిలవలోనే కొత్త రుచులు తెచ్చుకునే రకాలు కొన్నే ఉన్నాయి. ఫ్రాన్స్ బర్గండీలోని మోంట్రాషె, జర్మనీ మోసెల్ లోయ రీస్లింగ్, లువార్ నదీ తీరపు షెనాన్ బ్లాంక్, బోర్డో దగ్గరి సోటెర్న్ వీటిలో పేరుమోసినవి.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, సాయిబాబా గుడి, చీరల దుకాణాలు, ఎల్.బి.నగర్ చౌరస్తాలో విజయవాడ బస్సుల కేకలు. మలక్‌పేట దాటాక హైదరాబాదు తూర్పు కొస ఇది. ఇక్కడికీ మోంట్రాషెకీ పొత్తేమిటని ఎవరైనా అడగవచ్చు. పొత్తు ఉంది. తెలుగునేల మీద తెల్ల వైన్ చేశారని రాసిపెట్టిన ఒక యాత్రికుడి మాట ఈ ప్రాంతానికి సంబంధించినదే. హైదరాబాదు పేరు మోసిన తెల్ల ద్రాక్ష చాలాకాలం ఈ శివార్ల పందిళ్ల మీద పండింది. ఇక మాగే వైన్‌కు అసలు శత్రువైన వేడి ఏడాదిలో సగం రోజులు ఇక్కడి ఇళ్లలోనే ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో నిల్వకూ చల్లదనానికీ పెద్దపీట వేశాం.

గోల్కొండ తెల్ల వైన్

ఎల్.బి.నగర్ నుంచి హయత్‌నగర్ మీదుగా సాగే నేటి 65వ నంబరు జాతీయ రహదారి స్థూలంగా గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయిన పాత వ్యాపార మార్గమే. హయత్‌నగర్‌కు ఆ పేరు అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం వల్ల వచ్చింది. బాటసారుల కోసం అక్కడ సరాయి, మసీదు కట్టించారు. వజ్రాలు, నూలు తాన్లు ఇటు నుంచి రేవుకు పోయేవి. పర్షియా గుర్రాలు, గులాబీ అత్తరు, ఎండుపండ్లు అటు నుంచి వచ్చేవి.

ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద తెవెనో 1666-67 ప్రాంతంలో గోల్కొండ రాజ్యం చూశాడు. ఇక్కడ ద్రాక్ష తీగలు విరివిగా ఉన్నాయనీ, పండు జనవరిలోనే పక్వానికి వస్తుందనీ, తోట ఉన్న దిక్కును బట్టి ఏప్రిల్ దాకా కోత సాగుతుందనీ, ఆ పండుతో తెల్ల వైన్ చేస్తారనీ అతను రాశాడు. కోతయ్యాక తీగను కత్తిరిస్తారని, జూన్ నడిమికి మళ్లీ పుల్లటి కాయ వస్తుందని కూడా చెప్పాడు. దక్కనులో ద్రాక్ష పండించే రైతు నేటికీ ఈ క్యాలెండరే పాటిస్తాడు. వేసవిలో ఒక కత్తిరింపు, అక్టోబరులో మరొకటి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోత. ఐరోపాలో చలికి తీగ దానంతటదే నిద్రపోతుంది. ఇక్కడ ఆ నిద్ర లేదు కాబట్టి కత్తెరే దానికి రుతువు చెబుతుంది. తెవెనో చూసి రాశాడనడానికి ఇంతకన్నా గట్టి గుర్తు అక్కర్లేదు.

ఆ వైన్ ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. వేడిలో పండి, వేడిలో పులిసి, వేడిలోనే నిలవున్న వైన్ కొన్ని నెలలకు మించి ఆగి ఉండదు. నిలిచే వైన్ కావాలంటే అప్పటి కొలువులు, కంపెనీ వర్తకులు పర్షియా వైపు చూశారు. షిరాజ్ నగరపు వైన్ 17వ శతాబ్దిలో సముద్రం దాటి భారతదేశానికి వచ్చేది. ఇంగ్లిషు, డచ్చి కంపెనీలు రెండూ దాన్ని కొనేవి. ఇప్పుడు షిరాజ్ పేరు వినగానే ఎర్ర ద్రాక్ష గుర్తొస్తుంది గానీ, నాటి మేలి షిరాజ్ వైన్ తెల్లదే. ఖొల్లార్ అనే ఊరి మెట్ట తోటల్లో పండిన ద్రాక్షతో రెండు రకాలు చేసేవారు. తీపిలేనిది లేతగా ఉండగానే తాగడానికి, తియ్యనిది మాగబెట్టడానికి. అయిదేళ్లు మాగిన తీపి రకం పాత షెర్రీలా ఉంటుందని ఐరోపా యాత్రికులు మెచ్చుకున్నారు. మచిలీపట్నానికి పర్షియాతో నేరుగా ఓడల రాకపోకలు ఉండేవి. కుతుబ్ షాహీల మతం, పరిపాలన భాష, కొలువులోని పెద్దలు అన్నీ ఇరాన్ వైపే మొగ్గేవి. ఆ సీసాలు ఈ బాటన బండ్లెక్కి రావడంలో వింత లేదు.

సామాన్యుల పానీయం మాత్రం అప్పుడూ ఇప్పుడూ కల్లే. మరో ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే గోల్కొండ గురించి రాస్తూ కల్లు మీద పన్నుతో రాజుకు మంచి రాబడి ఉండేదన్నాడు. కల్లు తెల్లవారుజామున దించి ఆ పూటే తాగాల్సింది, సాయంత్రానికి పుల్లబడుతుంది. మన నేలకు అలవాటైన పానీయం ఇలా పూటకు కట్టుబడినది. మాగబెట్టడం దాని తీరు కాదు.

    

అనాబ్-ఎ-షాహీ: ఈ నేల తెల్ల ద్రాక్ష

హైదరాబాదు రాజ్యంలో ఆధునిక ద్రాక్ష సాగు 20వ శతాబ్ది తొలినాళ్లలో నిజాం ప్రోత్సాహంతో వేళ్లూనుకుంది. దానికి పేరు తెచ్చిన రకం అనాబ్-ఎ-షాహీ. పొడుగాటి గింజ ద్రాక్ష, పూర్తిగా పండితే లేత తేనె రంగుకు తిరుగుతుంది. రాతి కడీలు పాతి, తీగలు లాగి, తలకు పైన పందిరి అల్లి పండించేవారు. తర్వాత గింజలేని థామ్సన్ రకం దీన్ని వెనక్కి నెట్టింది. నగరం చుట్టూ రంగారెడ్డి జిల్లాలో కడీలు నిలబడ్డ ఆ భూముల్లో చాలా భాగం ప్లాట్లుగా మారి కాలనీలయ్యాయి. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రంలో ఇంకా ఎన్నో రకాల తీగలు ఉన్నాయి. పండే రోజుల్లో జనం అక్కడికి వెళ్లి కోయించుకుని తెచ్చుకోవడం ఈ ఊరి సరదాల్లో ఒకటి.

దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్.బి.నగర్‌కూ మధ్య కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దశాబ్దాల పాటు బత్తాయి, మామిడి, ద్రాక్ష బండ్లతో కిటకిటలాడింది. 2021-22లో దాన్ని నగరం బయట బాటసింగారానికి తరలించి, ఆ స్థలాన్ని పెద్దాసుపత్రికి కేటాయించారు. ద్రాక్ష ఇప్పటికీ ఈ రోడ్డు పక్క తోపుడుబండ్ల మీద జనవరి నుంచి కనిపిస్తుంది. అయితే అది ఎక్కువగా సాంగ్లీ, సోలాపూర్ వైపు నుంచి వచ్చిన సరుకు.

ఇంత మంచి తెల్ల ద్రాక్ష ఉండి కూడా దానితో మాగే వైన్ ఎందుకు రాలేదు? అనాబ్-ఎ-షాహీ రసంలో కరిగిన చక్కెర మొదలైన ఘనపదార్థాలు 14 నుంచి 16 శాతం. అంతటితో పులిస్తే ఆల్కహాలు 8, 9 శాతం దగ్గర ఆగిపోతుంది. నిలిచే తెల్ల వైన్‌కు సాధారణంగా 21 శాతానికి పైన చక్కెర ఉన్న పండు కోస్తారు. దిగుబడి ఇంకో కారణం. ఈ రకం హెక్టారుకు సగటున 35 టన్నులు ఇస్తుంది. మోంట్రాషెలో హెక్టారుకు అనుమతించే మూల పరిమితి 40 హెక్టోలీటర్ల వైన్, అంటే 4,000 లీటర్లు. దానికి అయిదారు టన్నుల పండు చాలు. తినే పండుకు నీరూ బరువూ లాభం, వైన్‌కు అవే నష్టం. మూడో కారణం రాత్రి వేడి. పండులోని మాలిక్ ఆమ్లాన్ని తీగ ఊపిరిలో ఖర్చు చేసుకుంటుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఖర్చు. తియ్యగా, చప్పగా పండిన పండులో ముసలితనం దాకా నిలబెట్టే పులుపు మిగలదు.

మాగే శక్తి ఎక్కడిది

ఎర్ర వైన్‌కు తొక్కల నుంచి దిగే వగరు కాపలా కాస్తుంది. తెల్ల వైన్‌కు ఆ కాపలా లేదు. దాన్ని నిలబెట్టేవి పులుపు, రసపు చిక్కదనం, కొన్నిటిలో మిగిలిన తీపి, తయారీలో కలిపే కొద్దిపాటి సల్ఫర్ డయాక్సైడ్. ఓక్ పీపాలో పులియబెట్టి, అడుగున పేరుకున్న ఈస్ట్ మడ్డి మీదే నెలల తరబడి ఉంచితే ఆ మడ్డి ప్రాణవాయువును కొంత తానే మింగి వైన్‌ను కాపాడుతుంది, నోట్లో నిండుదనమూ ఇస్తుంది.

సీసా మూసేశాక రెండు పనులు సమాంతరంగా జరుగుతాయి. పులిసేటప్పుడు పుట్టిన అరటిపండు, బేరిపండు వాసనల ఎస్టర్లు మెల్లగా విడిపోయి సద్దుమణుగుతాయి. బెండు బిరడా గుండా చొరబడే అతి కొద్ది ప్రాణవాయువు, రసంలోనే దాగి ఉన్న పదార్థాలు కలిసి కొత్త వాసనలు పుట్టిస్తాయి. తేనె, వేయించిన బాదం, నెయ్యి, ఎండిన నారింజ తొక్క, పుట్టగొడుగు. రంగు ఆకుపచ్చ ఛాయ ఉన్న లేత పసుపు నుంచి బంగారు రంగుకు, చివరకు కాషాయం కలిసిన గోధుమ రంగుకు మారుతుంది. ఎర్ర వైన్ ముదిరేకొద్దీ రంగు తగ్గుతుంది, తెల్లది ముదిరేకొద్దీ రంగు పెంచుకుంటుంది.

రీస్లింగ్‌ది వేరే దారి. అందులో ఎండ తగిలిన పండులోని కెరోటినాయిడ్ల నుంచి టీడీఎన్ అనే పదార్థం పుడుతుంది. మాగిన రీస్లింగ్ సీసా తెరవగానే గుప్పుమనే పెట్రోలు బంకు వాసన దానిదే. మొదటిసారి తాగేవారు పాడైందనుకుని పారబోసే ప్రమాదం ఉంది. దాని వెనక నిమ్మ, తేనె వస్తే సీసా బ్రహ్మాండంగా ఉన్నట్టే.

మోంట్రాషె, తక్కినవి

తెల్ల వైన్లలో గద్దె మోంట్రాషెదే అనడంలో రసికుల మధ్య పెద్ద పేచీ లేదు. బోన్ పట్టణానికి దక్షిణాన తూర్పు ముఖంగా వాలిన సున్నపురాయి చరియ అది. మొత్తం విస్తీర్ణం సుమారు 8 హెక్టార్లు, అంటే 20 ఎకరాలకు అటూ ఇటూ. ఎల్.బి.నగర్ పరిసరాల్లో ఓ మోస్తరు కాలనీ వెంచరు అంత. పులిన్యీ, షసాన్య్ అనే రెండు ఊళ్లు దాన్ని దాదాపు సగం సగం పంచుకున్నాయి. 1879లో రెండూ తమ పేర్ల చివర మోంట్రాషె తగిలించుకున్నాయి. ఉన్న ఆ కాస్త నేలా చాలామంది యజమానుల మధ్య చీలిపోయింది. రొమానీ-కోంటి, లెఫ్లేవ్, లాఫాఁ, రామోనే లాంటి వైన్ సంస్థలు ఒక్కొక్కటీ కొద్ది పీపాలే చేస్తాయి. ధర ఆకాశాన్నంటడానికి రుచితో పాటు ఈ కొరతా కారణం. ద్రాక్ష షార్డొనె. మంచి సంవత్సరపు సీసా పదేళ్లకు నోరు విప్పుతుంది, మరో పది పదిహేనేళ్లు నిలుస్తుంది.

అయితే గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. 1990ల నడుమ నుంచి తయారైన బర్గండీ తెల్ల వైన్లలో కొన్ని పదేళ్లు నిండకుండానే గోధుమ రంగుకు తిరిగి, కోసి ఉంచిన ఆపిల్ ముక్క వాసనతో చచ్చుబడ్డాయి. ఒకే పెట్టెలోని పన్నెండు సీసాల్లో మూడు పాడై, తొమ్మిది అద్భుతంగా ఉన్న సందర్భాలూ వచ్చాయి. బెండు లోపం, సల్ఫర్ తగ్గించడం, పండును మరీ మెత్తగా పిండటం అంటూ కారణాలు చాలా చెప్పారు. కొందరు నిర్మాతలు మామూలు బెండు మానేసి, బెండు పొడిని అతికించి చేసిన బిరడాలకు మారారు.

రీస్లింగ్, షెనాన్ బ్లాంక్ అంతకన్నా నమ్మకస్తులు, ధరా తక్కువ. మొదటిసారి మాగిన తెల్ల వైన్ రుచి చూడాలనుకునేవారికి మోంట్రాషె కన్నా పదేళ్ల మోసెల్ రీస్లింగ్ మంచి పాఠమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆస్ట్రేలియా హంటర్ లోయ సెమియాన్ మరీ విచిత్రం. 10, 11 శాతం ఆల్కహాలుతో, పీపా మొహం చూడకుండా, లేతగా ఉన్నప్పుడు నిమ్మనీళ్లలా పలచగా ఉండి, పదేళ్లకు కాల్చిన రొట్టె వాసనతో పైకి లేస్తుంది. బూజు పట్టిన పండుతో చేసే సోటెర్న్, అందులోనూ బోర్డో తీపి వైన్ల 1855 వర్గీకరణలో తక్కిన అన్నిటికన్నా పై మెట్టున నిలిచిన షాటో డికెమ్, తీపి వల్ల అర్ధశతాబ్దం దాటినా నిలుస్తుంది.

మన దగ్గరి సంగతికొస్తే, తెలంగాణలో పేరున్న వైన్ తోట లేదు. నాసిక్‌లో సూలా సంస్థ 2000లో తొలి షెనాన్ బ్లాంక్, సోవిన్యో బ్లాంక్ విడుదల చేసింది. సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లీ షార్డొనె చేస్తుంది. తెలుగువారి చెయ్యి ఉన్నది హంపి దగ్గర. హైదరాబాదుకు చెందిన గ్రాన్యూల్స్ ఇండియా ఔషధ సంస్థ అధిపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు అక్కడి కొండల్లో తోట పెట్టి, తమ పేర్ల అక్షరాలు కలిపి కృష్మా అని పిలిచారు.  వారి సోవిన్యో బ్లాంక్, షార్డొనె దేశంలో మంచి పేరు తెచ్చుకున్నాయి. ఏమైనా భారతీయ తెల్ల వైన్‌ను రెండు మూడేళ్లు మించి దాచడం సాహసమే. కొన్న ఏడాదే తాగితే దాని అందం దక్కుతుంది.

నిల్వ

మాగే వైన్‌కు 12 నుంచి 14 డిగ్రీల నిలకడైన చల్లదనం, చీకటి, కొద్దిపాటి తేమ, కదలిక లేని చోటు కావాలి. కొత్తపేట అపార్టుమెంటులో ఈ నాలుగూ ఒకచోట దొరకవు. మే నెలలో బయట 40 దాటుతుంది, పై అంతస్తు ఇంట్లో అర్ధరాత్రి కూడా 33, 34 ఉంటుంది. వేడిలో రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు స్థూలంగా రెట్టింపవుతుందనుకుంటే, పదేళ్లు మాగాల్సిన వైన్ ఇక్కడి అలమారాలో రెండు మూడేళ్లకే ముసలిదవుతుంది. పైగా ఆ వయసు వేరు. నిదానంగా మాగితే వచ్చే బాదం, తేనె వాసనలు రావు, ఉడికిన పండు వాసన వస్తుంది. 30 దాటితే వైన్ వ్యాకోచించి బెండును పైకి నెడుతుంది. మెడ దగ్గర జిగట మరకలుంటే, బెండు అంచు దాటి పైకి ఉబికి ఉంటే ఆ సీసా ఎక్కడో ఎండలో మగ్గిందనే అర్థం.

మామూలు ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. నాలుగైదు నెలలకు పరవాలేదు, ఏళ్లకు పనికిరాదు. లోపలి పొడిగాలికి బెండు ఎండిపోతుంది, నిన్నటి సాంబారు, కోసిన ఉల్లిపాయ వాసనలు పడతాయి. వైన్ కోసమే అమ్మే చిన్న అలమారాలు రెండు రకాలు. కంప్రెసరు లేని థర్మోఎలక్ట్రిక్ రకం గది వేడి కన్నా ఓ 12, 15 డిగ్రీలు మాత్రమే తగ్గించగలదు. గదిలో 34 ఉంటే లోపల 20 దగ్గరే ఆగిపోతుంది. మన ఊళ్లో కంప్రెసరు ఉన్నదే కొనాలి. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే అలమారాను ఆ లైనుకు కలపడం మంచిది. ఖరీదైన సీసాలు నాలుగైదే ఉంటే ఈ ఖర్చు కన్నా త్వరగా తాగేయడం తెలివైన పని.

బెండున్న సీసాను పడుకోబెట్టాలి, మరమూత సీసా ఎలా ఉన్నా ఫరవాలేదు. ట్యూబ్‌లైటు వెలుగు కూడా తెల్ల వైన్‌ను చెడగొడుతుంది, ముఖ్యంగా తెల్లగాజు సీసాలో ఉన్నదాన్ని. షాపులో లైటు కింద ఏళ్ల తరబడి నిలబడ్డ సీసాను రాయితీకి ఇచ్చినా తీసుకోకూడదు.

వడ్డన

ఎండాకాలపు సాయంత్రం, ఆరుగురు మనుషులు, ఒక పాత సీసా అనుకుందాం. ముందురోజే సీసాను నిలబెట్టాలి. అడుగున మెరిసే గాజుముక్కల్లాంటి పలుకులు కనిపిస్తే కంగారు వద్దు. అవి టార్టారిక్ ఆమ్లపు లవణ స్ఫటికాలు, హాని లేనివి.

మాగిన షార్డొనె 12 నుంచి 14 డిగ్రీల దగ్గర మాట్లాడుతుంది. రీస్లింగ్, షెనాన్, తీపి రకాలు 9 నుంచి 11 దగ్గర. 30 డిగ్రీల సీసా ఫ్రిజ్‌లో ఈ స్థాయికి దిగడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి మెడ దాకా ముంచితే 15, 20 నిమిషాలు చాలు. ఒట్టి ఐసు ముక్కల మధ్య గుచ్చితే గాజుకు తగిలే చోటు తక్కువ కాబట్టి నిదానం. నీళ్లు కలపడంలోనే కిటుకంతా ఉంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోయిన సీసా పగిలిన ఇళ్లు తక్కువేమీ కాదు.

మన వాతావరణంలో సీసాను చెప్పిన వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగానే బల్ల మీదికి తేవాలి. ఏసీ 24లో ఉన్నా గ్లాసులో పోసిన వైన్ నిమిషాల్లో వెచ్చబడుతుంది. అందుకే గ్లాసుకు 75, 80 మిల్లీలీటర్లకు మించి పోయకుండా, మళ్లీ మళ్లీ పోయాలి. 750 మిల్లీలీటర్ల సీసా ఆరుగురికి ఒకటిన్నర విడతలు వస్తుంది. వైన్‌లో ఐసు ముక్క వేయడం మాత్రం పాత సీసా విషయంలో క్షమించరానిది. డిసెంబరులో ఈ తిప్పలేవీ లేవు. తెల్లవారుజామున బాల్కనీలో 15 దాకా దిగే ఈ ఊళ్లో ఆ నెల ఒక్కటే సహజమైన నేలమాళిగ.

మూతి కింది గాడి దగ్గర రేకును కత్తిరించి, బెండు మీది బూజును తడిగుడ్డతో తుడవాలి. ఇరవయ్యేళ్ల బెండు పొడిపొడిగా ఉంటుంది. మరను సరిగ్గా నడిమధ్య దింపి, చివరి చుట్టు ముందే ఆపి, గాలి పీల్చినంత నిదానంగా పైకి లాగాలి. సగంలో విరిగితే మిగిలిన ముక్కలోకి మరను ఏటవాలుగా దించితే అంచు పట్టు దొరుకుతుంది. అదీ కాకపోతే లోపలికే నెట్టేసి, ఉతికి ఆరేసిన పలుచటి మల్లుగుడ్డలో వడకట్టడమే. రెండు పలుచటి రేకులను బెండు పక్కల గుండా దింపి తిప్పుతూ లాగే పనిముట్టు ఉంటే పాత సీసాలకు అదే మేలు.

ముందుగా గుక్కెడు పోసి వాసన చూడాలి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బెండు చెడ్డదన్నమాట, ఎంతసేపు ఆగినా అది పోదు. అగ్గిపుల్ల గీసిన వాసన వస్తే వేరే సంగతి. గాలి తగిలితే పావుగంటలో సర్దుకుంటుంది. మూసుకుపోయినట్టున్న లేత బర్గండీని పెద్ద గాజు కూజాలోకి మార్చి అరగంట ఉంచితే విచ్చుకుంటుంది. పాతికేళ్లది మార్చకూడదు, ఉన్న కాస్త ఊపిరీ కూజాలోనే పోతుంది. గ్లాసు కాడ ఉన్నది, పొట్ట వెడల్పుగా మూతి దగ్గరగా ఉన్నది అయితే చాలు. పేరున్న కంపెనీదే కావాలని లేదు. కడిగిన సబ్బు వాసన మిగలకుండా వేడినీళ్లతో తొలచడం అంతకన్నా ముఖ్యం.

గది గురించి ఒక మాట. అగరొత్తులు, సాంబ్రాణి, జడలో మల్లెలు, వంటింట్లో ఇంగువ పోపు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లక్ష రూపాయల సీసా కూడా వాసనలో ఓడిపోతుంది. పోపు పని ముందే ముగించి, కిటికీలు తెరిచి గాలి ఆడనిచ్చాకే సీసా తెరవడం మంచిది.

రుచి చూడటం

తెల్లటి కాగితం మీద గ్లాసును వంచి అంచు రంగు చూస్తారు. ఆ తర్వాత కదపకుండా ఒకసారి, తిప్పి ఒకసారి వాసన పీలుస్తారు. చిన్న గుక్క తీసుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పి మింగుతారు. చూడాల్సినవి మూడు. నోట్లో నీళ్లూరించే పులుపు ఇంకా బతికి ఉందా? పండు, పీపా, మాగిన వాసనల్లో ఏదీ మరొకదాన్ని తొక్కేయకుండా ఉందా? మింగాక ఎంతసేపు నిలిచింది? మూడోదే అసలు పరీక్ష. మామూలు వైన్ రుచి మింగగానే పోతుంది. మంచి మోంట్రాషె అర నిమిషం దాటినా నాలుక మీద రూపం మార్చుకుంటూనే ఉంటుంది. గ్లాసులోనూ అంతే. మొదటి గుక్కలో నిమ్మ, పావుగంటకు వేయించిన బాదం, గంటకు తేనె, పుట్టగొడుగు. అందుకే గొప్ప సీసాను చివరకు దాచకుండా నాలుక తాజాగా ఉన్నప్పుడే, భోజనానికి ముందో మొదటి వంటకంతోనో పోయాలి. తియ్యనిది ఒక్కటే ఈ నియమానికి మినహాయింపు, అది చివరకే.

భోజనం

కారం, ఆల్కహాలు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. ఆవకాయ, గోంగూర మాంసం, పచ్చిమిర్చి దట్టించిన వేపుడు ముందు మాగిన షార్డొనె నిలవదు. అది వైన్ తప్పూ కాదు, ఆవకాయ తప్పూ కాదు. చింతపండు పులుపు వైన్ పులుపును మింగేసి దాన్ని చప్పగా చూపిస్తుంది. మన వంటిళ్లలో దానికి సరిపోయేవి వేరే ఉన్నాయి. వెన్నలో మిరియాలతో వేయించిన కొర్రమీను, కొబ్బరిపాలల్లో ఉడికించిన రొయ్యలు, కారం తగ్గించిన జీడిపప్పు కోడికూర, నేతిలో పుట్టగొడుగులు. కాస్త కారం తప్పదనుకుంటే కొద్దిపాటి తీపి మిగిలిన రీస్లింగ్ పెట్టుకోవాలి. సోటెర్న్‌తో ఖుబానీ కా మీఠా తినడం హైదరాబాదుకే చెల్లిన జోడీ. ఎండు జల్దారు పండు వాసన రెండింటిలోనూ ఉంది.

కొనుగోలు, చట్టం

తెలంగాణలో మద్యం కొనడానికి కనీస వయసు 21 ఏళ్లు. టోకు పంపిణీ అంతా రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే జరుగుతుంది, చిల్లర దుకాణాల లైసెన్సులు రెండేళ్లకొకసారి లాటరీలో కేటాయిస్తారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ రోడ్ల మీద వైన్స్ బోర్డున్న దుకాణాల్లో బీరు, విస్కీ, బ్రాందీ పెట్టెల మధ్య తెల్ల వైన్ సీసాలు నాలుగైదు ఉంటే గొప్ప. అవి నాసిక్ సరుకే. దిగుమతి వైన్ కోసం ఇక్కడివారు మెట్రో ఎక్కి నగరం పడమటి కొసకు వెళ్లడమో, విమానాశ్రయం సుంకరహిత దుకాణంలో పరిమితి మేరకు తెచ్చుకోవడమో చేస్తారు.

దిగుమతి సుంకం చాలాకాలం 150 శాతం ఉండేది. 2022 డిసెంబరు 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం వల్ల 5 డాలర్లు దాటిన ఆ దేశపు సీసాలకు అది 100 శాతానికి, 15 డాలర్లు దాటినవాటికి 75 శాతానికి తగ్గింది. పదేళ్లలో ఇంకా తగ్గుతూ పోయే ఏర్పాటూ అందులో ఉంది. హంటర్ సెమియాన్ మీద ఆసక్తి ఉన్నవారికి ఇది పనికొచ్చే వార్త. ఏ దేశపుదైనా సీసా కొనేటప్పుడు సంవత్సరం, దిగుమతిదారు చీటీ మీది తేదీ, మెడలో వైన్ మట్టం మూడూ చూడాలి. బెండుకూ వైన్‌కూ మధ్య ఖాళీ మూడు సెంటీమీటర్లు దాటి, రంగు ముదిరి ఉంటే ఓడ కంటైనరులోనో లారీలోనో ఎండ తిన్నదే. సీసాను లైటు ముందు పట్టుకుని చూస్తే ఈ రెండూ కనిపిస్తాయి. ఏ దుకాణదారూ అందుకు అడ్డు చెప్పడు.